ఆఖరి నిమిషం చవక... ఎవరి కోసం?

మొన్న ఒక ఆదివారం పొద్దున మా ఇంట్లో చీటీ పాట అయిపోయింది. అందరం చాయ్ తాగుతూ కూచున్నాం. మా పక్కింట్లో బట్టలు కుట్టే అక్క తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది.

"టీచరమ్మా, గిది జర సదివి చెప్పరాదు. నిజమేనా?"

చదివాను. ముంబై నుంచి పెద్ద ఓడ. రెండు రాత్రులు, మూడు పగళ్ళు. తిండి, ఆట, పాట అన్నీ అందులోనే. మామూలు ధరలో సగానికే. వచ్చే శుక్రవారమే ప్రయాణం. 'ఇంకా రెండే గదులు ఉన్నాయి, ఈ రాత్రి పన్నెండు గంటల వరకే ఈ అవకాశం' అని కింద ఎర్ర అక్షరాలు.

మేం ఆరుగురం. బట్టలు కుట్టే అక్క, అంగన్‌వాడీ టీచరు, ఆశా వర్కరు, కిరాణా కొట్టు వదిన, రిటైరైన నర్సమ్మ, నేను. ఏడాదిగా చీటీతో పాటు నెలకింత అని విడిగా 'యాత్ర డబ్బులు' వేసుకుంటున్నాం. మా మనూరు నుంచి ఏ దిక్కుకు పోయినా నాలుగొందల కిలోమీటర్లు దాటనిదే సముద్రం కనపడదు. పెద్ద నీళ్ళంటే మాకు మంజీర, మహా అయితే సింగూరు డ్యాము. ఆరుగురిలో సముద్రాన్ని చూసింది ఇద్దరమే. కాబట్టి సగం ధరకు ఓడ అనేసరికి అందరి కళ్ళూ మెరిశాయి.

"ఓడ ఖాళీగ పోతే ఆళ్ళకే నష్టం కదా, అందుకే తగ్గించిన్రు" అంది కిరాణా వదిన. వ్యాపారం చేసే మనిషి కదా, ఒక్క మాటలో అసలు సంగతి చెప్పేసింది. కానీ ఆ ఒక్క మాట వెనక చాలా ఉంది. ఆ రోజు నుంచి దాని గురించే ఆలోచిస్తున్నాను. ధర ఎందుకు తగ్గుతుంది? తగ్గినప్పుడు లాభపడేదెవరు? మనలాంటి ఆడవాళ్ళకు ఆ చవక అందుతుందా?

సాయంత్రం సంతలో టమాటా

సంతలో పొద్దున టమాటా ధర ఒకటి, పొద్దుగూకే వేళకు మరొకటి. చీకటి పడ్డాక మిగిలింది ఇంటికి మోసుకెళ్తే కుళ్ళిపోతుంది. అందుకే అమ్మే అవ్వ చివరికి "ఎంతకో అంతకు తీస్కపో బిడ్డా" అంటుంది.

ఓడలో గది ఆ టమాటా కంటే నాజూకు సరుకు. ఓడ రేవు వదిలిన క్షణాన ఖాళీ గది విలువ సున్నా. రేపటికి దాచుకోవడానికి వీల్లేదు. అలాగని గది ఖాళీగా ఉంటే ఖర్చు తగ్గుతుందా అంటే అదీ లేదు. ఇంధనం, రేవు రుసుము, సిబ్బంది జీతాలు, ఓడ కొన్న అప్పు మీద వడ్డీ అన్నీ అలాగే ఉంటాయి. ఇంకో ఇద్దరు ఎక్కితే అదనంగా అయ్యేది వాళ్ళ తిండి, దుప్పట్ల ఉతుకు, అంతే. కాబట్టి ఆఖర్లో ఎంత వచ్చినా లాభమే.

ఇంకో కిటుకు కూడా ఉంది. ఓడ కంపెనీలు టికెట్టు మీదే బతకవు. ఎక్కిన తరువాత పెట్టించే ఖర్చు మీద కూడా బతుకుతాయి. మద్యం, జూదశాల, దుకాణాలు, మసాజులు, రేవుల్లో దిగి ఊరు చూసే టూర్లు, ఇంటర్నెట్టు... వీటికి డబ్బు విడిగా కట్టాలి. ఖాళీ గది ఏమీ కొనదు, మనిషి కొంటాడు. అందుకే ముందు మనిషిని ఎక్కించాలి.

వ్యవహారం నడిచే తీరు ఇది. చాలా కంపెనీల్లో ముందు బుక్ చేసుకున్నవాళ్ళు ప్రయాణానికి రెండు మూడు నెలల ముందు మిగతా సొమ్మంతా కట్టేయాలి. ఆ గడువు దగ్గర కొందరు మానుకుంటారు. అప్పుడు ఎన్ని గదులు మిగిలాయో కంపెనీకి తెలుస్తుంది. తగ్గింపులు మొదలయ్యేది అక్కడి నుంచే. కొన్నిసార్లు గది నంబరు కూడా ముందు చెప్పరు. 'ఈ తరగతిలో ఏదో ఒకటి ఇస్తాం' అంటారు. అలాంటివి ఇంకా చవక. సీజను మారినప్పుడు ఓడను ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రానికి తరలించాలి కదా. ఆ ఒంటిదారి ప్రయాణాలు కూడా రోజు లెక్కన చవకే. కాకపోతే రోజుల తరబడి నీళ్ళు తప్ప ఏమీ కనపడవు.

మన దగ్గర ఈ వ్యాపారం కొత్తది. విశాఖపట్నానికి 'ఎంప్రెస్' అనే విహార ఓడ 2022 జూన్‌లో మొదటిసారి వచ్చింది. అక్కడి నుంచి చెన్నై తీసుకెళ్ళింది. 2023 సెప్టెంబరులో విశాఖలో విహార ఓడల కోసమే టెర్మినల్ ప్రారంభించారు. 2024 సెప్టెంబరు 30న కేంద్రం 'క్రూయిజ్ భారత్ మిషన్' మొదలుపెట్టింది. 2029 నాటికి సముద్ర విహార ప్రయాణికుల సంఖ్యను 10 లక్షలకు చేర్చడం దాని లక్ష్యం. 2025 సెప్టెంబరులో ముంబైలో కొత్త అంతర్జాతీయ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. అంటే గదులు పెరుగుతాయి. అవి నిండనప్పుడల్లా మా అక్క ఫోనుకు వచ్చినలాంటి కబుర్లు కూడా పెరుగుతాయి. మనూరు దాకా వచ్చిందంటే ఇక రాని ఊరుండదు.

తత్కాల్‌కి ఎక్కువ, ఓడకి తక్కువ

ఇక్కడ నాకు ఒక సందేహం వచ్చింది. ఖాళీ బెర్తు కూడా రైలు కదిలితే వృథాయే కదా. మరి రైల్లో ఆఖరి నిమిషం టికెట్టుకు ఎక్కువ ఎందుకు కట్టాలి?

తత్కాల్ 1997 నుంచి ఉంది. ముందు రోజు కొంటే అదనపు రుసుము. 2016 సెప్టెంబరులో రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్ళలో కొత్త పద్ధతి పెట్టారు. పది శాతం బెర్తులు అమ్ముడైనప్పుడల్లా ధర పది శాతం పెరుగుతూ పోతుంది, మొదట్లో ఒకటిన్నర రెట్ల దాకా. విమానం సంగతి చెప్పనక్కర్లేదు. రేపు పోవాలంటే ఈ రోజు జేబు ఖాళీ.

తేడా బెర్తులో లేదు, కొనే మనిషిలో ఉంది. రైలుకు ఆఖరి నిమిషంలో పరుగెత్తేదెవరు? తండ్రికి సీరియస్ అని ఫోనొచ్చిన కూతురు. ఇంటర్వ్యూ కార్డు ఆలస్యంగా అందిన పిల్లవాడు. వాళ్ళు ఎంతయినా కడతారు, కట్టక తప్పదు. ఓడకు ఆఖరి నిమిషంలో వచ్చేదెవరు? పోకపోయినా నష్టం లేనివాళ్ళు. ధర తగ్గిస్తే తప్ప వాళ్ళు కదలరు.

అంటే బజారు నీతి ఇది: అవసరం ఉన్నవాళ్ళ దగ్గర ఎక్కువ, తీరిక ఉన్నవాళ్ళ దగ్గర తక్కువ. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

రైల్వే కూడా 2017 జనవరి నుంచి, చార్టు తయారయ్యాక మిగిలిన బెర్తుల మీద పది శాతం తగ్గింపు ప్రకటించింది. కానీ చార్టు తయారయ్యాక బ్యాగు సర్దుకుని బయల్దేరగలిగే ఇల్లాలు ఎంతమంది, చెప్పండి?

గిరాకీ ఎందుకు పడిపోయింది?

ఆషాఢమాసంలో చీరల కొట్లో తగ్గింపు పెడితే మనం అనుమానించం. పెళ్ళిళ్ళు లేవు, కొనేవాళ్ళు లేరు, అంతే. అదే చీర శ్రావణంలో సగానికి ఇస్తానంటే? ముందు మడత విప్పి ఎక్కడైనా చిరిగిందేమో చూస్తాం. ఓడ విషయంలోనూ ఆ పనే చేయాలి. ధర ఎంత తగ్గింది అని కాదు, గిరాకీ ఎందుకు తగ్గింది అని అడగాలి.

మొదటి కారణం కాలం. పిల్లల సెలవుల్లో ధరలు మండిపోతాయి, బడులు తెరవగానే దిగుతాయి. ఇది ఆషాఢం తగ్గింపు, భయపడాల్సింది లేదు. కానీ కాలంలోనూ రెండు రకాలు. జూన్ నుంచి అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. అమెరికా వైపు కరీబియన్ సముద్రంలో జూన్ నుంచి నవంబరు దాకా తుపానుల కాలం. ఆ రోజుల్లో చవక అంటే, కడుపులో తిప్పుతుందని, దారి మారవచ్చని ఒప్పుకుని కొనడమే.

నదుల మీద ఈ సంగతి ఇంకా ఘోరంగా రుజువైంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. నది వరదలో ఉంది. బోటులో డెబ్బై మందికి పైగా ఉంటే బయటపడింది ఇరవై ఆరుగురు. పోయినవాళ్ళలో మన తెలంగాణ కుటుంబాలు కూడా ఉన్నాయి. వరద రోజుల్లో యాత్రికులు తగ్గడానికి కారణం ఉంటుంది. ఆ కారణాన్ని ఏ తగ్గింపూ తుడిచేయలేదు.

రెండో కారణం భయం. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత అమెరికాలో జనం ప్రయాణాలు మానుకున్నారు, ఓడ కంపెనీలు ధరలు తెగ్గోశాయి. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో 'డైమండ్ ప్రిన్సెస్' ఓడను నిలిపేశారు. అందులో 3,711 మంది ఉన్నారు, ఏడు వందల మందికి పైగా కరోనా సోకింది. ఆ బొమ్మలు టీవీల్లో చూశాక ఓడంటేనే ప్రపంచం భయపడింది. మన దగ్గరి ఉదాహరణ కావాలంటే కాశ్మీరు. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని చంపేశాక, వేసవి సీజను నడిమధ్యలో దాల్ సరస్సు మీద పడవ ఇళ్ళు ఖాళీ అయిపోయాయి. భయంతో తగ్గిన ధర రెండు అంచుల కత్తి. భయం అబద్ధమైతే మీది లాభం, నిజమైతే ప్రాణానికి సంబంధించిన బేరం. ఇలాంటప్పుడు అమ్మేవాడి మాట కాదు, ప్రభుత్వం చెప్పే మాట వినాలి.

మూడో కారణం కంపెనీయే మునిగిపోతూ ఉండటం. ఇది పైకి కనపడదు, అందుకే అన్నిటికన్నా ప్రమాదం. చేతిలో పైసల్లేని కంపెనీ రేపటి టికెట్లను ఈ రోజు చవగ్గా అమ్మి పూట గడుపుకుంటుంది. 2001లో దాడులు జరిగిన రెండు వారాలకే అమెరికాలో 'రినైసాన్స్' అనే ఓడ కంపెనీ దివాలా తీసింది. మన దేశంలో 2019 ఏప్రిల్‌లో 'జలేష్' అనే విహార ఓడల కంపెనీ ఆర్భాటంగా మొదలైంది. దాని ఓడ 'కర్ణిక'. కరోనా దెబ్బకు 2020లోనే కంపెనీ మూతపడింది, ఆ ఏడాది చివర్లో ఓడ గుజరాత్‌లోని అలంగ్‌కు తుక్కు కింద చేరింది. విమానాల్లో జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఇలాగే ఆగిపోయాయి. ఆగిన రోజున టికెట్టు చేతిలో ఉన్నవాళ్ళు వేల మంది.

మా అత్తమ్మ రసీదు

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా ఇంట్లో జరిగింది.

మా అత్తమ్మకు సముద్రం చూడాలని కోరిక. అరవై ఏళ్ళు పొలం, పశువులు, వంటిల్లు తప్ప ఆమె ఎరిగింది లేదు. 2020 జనవరిలో ఒక ట్రావెల్ ఏజెంటు, 'వేసవికి ముందు ఖాళీ సీజను, చవగ్గా ఇప్పిస్తా' అన్నాడు. రామేశ్వరం, కన్యాకుమారి, ఒక రోజు ఓడ మీద షికారు. ఆమె తన పాడి డబ్బులు, నేను కొంత కలిపి మొత్తం ముందే కట్టేశాం. ముందే కడితే ఇంకో వెయ్యి తగ్గింపు మరి! మార్చి చివర్లో ప్రయాణం. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది.

ఏజెంటు పాపం మొదట బాగానే మాట్లాడాడు. "డబ్బు వాపస్ కాదమ్మా, అంతా తెరిచాక అదే డబ్బుతో తీసుకెళ్తాం" అన్నాడు. ఒక కాగితం ఇచ్చాడు. దాని మీద ఏడాది గడువు. ఏడాదిలో ప్రయాణాలెక్కడివి? తరువాత ఫోనెత్తడం మానేశాడు. కొన్నాళ్ళకు ఆ ఆఫీసు ఉన్న చోట మొబైలు రిపేరు దుకాణం వెలిసింది.

2020 అక్టోబరులో విమాన టికెట్ల సొమ్ము వాపసు ఇవ్వాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు విమానాల వరకే. చిన్న ఏజెంటు దగ్గర టూరు డబ్బు కట్టినవాళ్ళు ఎవరి పోరాటం వాళ్ళు చేసుకోవాల్సి వచ్చింది. నేను చేయలేదు. స్కూలు, ఇల్లు, ఆన్‌లైన్ పాఠాలు... రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకున్నాను. 2021లో అత్తమ్మ పోయింది. ఆ రసీదు ఇంకా ఆమె పెట్టెలోనే ఉంది.

గిరాకీ పడిపోతే చవక వస్తుందని అందరూ చెబుతారు. గిరాకీ పడిపోయినప్పుడు, అంతకు ముందే కట్టినవాళ్ళ డబ్బు ఇరుక్కుపోతుందని ఎవరూ చెప్పరు. రెండూ ఒకే నాణేనికి బొమ్మా బొరుసూ. ఆ ఏడాది ఒక్క కార్నివాల్ అనే ఓడల కంపెనీకే వెయ్యి కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. పెద్ద కంపెనీలు అప్పులు తెచ్చుకుని నిలబడ్డాయి. నౌకా సిబ్బంది మాత్రం, సరుకు ఓడలతో సహా ప్రపంచమంతటా లెక్కిస్తే, సుమారు నాలుగు లక్షల మంది ఇంటికి వెళ్ళే దారి లేక సముద్రం మీదే చిక్కుకుపోయారని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2020లో చెప్పింది. మునిగితే ముందు మునిగేది కింది అంతస్తువాళ్ళే.

కనిపించే ధర, కట్టే ధర

మళ్ళీ మా ఆదివారానికి వద్దాం. కాగితం, పెన్ను తెచ్చి అందరం లెక్క మొదలుపెట్టాం.

ఉదాహరణకు తలకు పదివేలు అని కబురులో ఉందనుకోండి. దాని మీద రేవు రుసుము, సిబ్బందికి ఇచ్చే టిప్పు, జీఎస్టీ విడిగా ఉంటాయి. ఇక మనూరు నుంచి ముంబైకి పోవాలి. బస్సులో నారాయణఖేడ్, అక్కడి నుంచి బీదర్ పోయి రైలో, హైదరాబాద్ పోయి విమానమో. మన రాష్ట్రం దాటేదాకా ఆడవాళ్ళకు జీరో టికెట్టు ఉంది కాబట్టి సరే. శుక్రవారం ప్రయాణానికి ఆదివారం రైలు టికెట్టు దొరకదు. దొరికితే తత్కాల్. విమానమైతే ఓడలో మిగిలిందంతా విమానం మింగేస్తుంది. ఓడ ఆఖరి నిమిషం చవక రేవున్న ఊళ్ళో ఉన్నవాళ్ళకే నిజమైన చవక. దూరపు ఊరివాళ్ళకు ఆఖరి నిమిషం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కుంటుంది.

దేశంలోపలే తిరిగే ఓడకు పాస్‌పోర్టు అక్కర్లేదు, ఆధార్‌ వంటి గుర్తింపు కార్డు చాలు. అదే శ్రీలంకో సింగపూరో అయితే పాస్‌పోర్టు, వీసా ఉండాలి. ఆరుగురిలో పాస్‌పోర్టు ఉన్నది నర్సమ్మ ఒక్కదానికే, అదీ గల్ఫ్‌లో పనిచేసిన నాటిది, గడువు తీరింది. ఆఖరి నిమిషంలో చవక దొరుకుతుంది గానీ పాస్‌పోర్టు దొరకదు.

ఇక నాకు అన్నిటికంటే బాధ కలిగించిన సంగతి. ఓడలో ధర 'తలకు ఇంత' అని రాస్తారు. నిజానికి అది ఒక గదిలో ఇద్దరుంటే తలకు ఇంత. ఒక్కరే వెళ్తే, చాలా ఓడల్లో, ఒకటిన్నర రెట్లు, కొన్నిచోట్ల రెండింతలు కట్టాలి. భర్త పోయినావిడ, పెళ్ళి చేసుకోనావిడ, విడిగా ఉంటున్నావిడ... ఆమె ఒక్కతే తింటుంది, ఒక్క మంచం మీద పడుకుంటుంది, కానీ కట్టేది ఇద్దరి డబ్బు. జంటగా ఉంటేనే మనిషి అని మన ఊళ్ళో పేరంటాలలోనే అనుకున్నాను, సముద్రం మీద కూడా అదే లెక్క.

తీరిక ఎవరిది?

లెక్క అయ్యాక నర్సమ్మ నెమ్మదిగా అడిగింది. "సరే, డబ్బు సంగతి తరువాత. శుక్రవారం ఎవరెవరు రాగలరు?"

గదిలో మాట లేదు.

అంగన్‌వాడీ టీచరుకు సూపర్‌వైజరు సెలవివ్వాలి. ఆశా వర్కరుకు ఈ వారంలో ఇద్దరు గర్భిణులు ఉన్నారు, ఎప్పుడైనా ఆస్పత్రికి తీసుకుపోవాల్సి రావచ్చు. కుట్టు అక్కకు పెళ్ళివారి జాకెట్లు ఇరవై ఉన్నాయి. కిరాణా వదిన కొట్టు వదిలితే ఇంటాయన ఉద్దెరలన్నీ మరిచిపోతాడు. నాకు స్కూలు. దానికి తోడు అందరికీ ఇల్లు, పిల్లలు, ముసలివాళ్ళు. "అడగాలె, ఆయనను అడగాలె, అత్తను అడగాలె" అని ఒక్కొక్కరూ. నాలుగు రోజుల్లో ఇంటిని ఇంకొకరికి అప్పగించి పోయే స్వేచ్ఛ మాలో ఎవరికీ లేదు.

లేదు, ఒకరికి ఉంది. నర్సమ్మకు. పింఛను వస్తుంది, ఒంటరి మనిషి, శుక్రవారమే కాదు రేపు పొమ్మన్నా పోగలదు. ఆమెకేమో ధర రెట్టింపు!

ఇందాక గుర్తుపెట్టుకోమన్న ముక్క ఇదే. ఆఖరి నిమిషం చవక డబ్బు తక్కువ ఉన్నవాళ్ళ కోసం కాదు, కాలం ఎక్కువ ఉన్నవాళ్ళ కోసం. ఉద్యోగం నుంచి దిగిపోయిన జంటలు, పిల్లలు ఎదిగిపోయిన పట్నంవాళ్ళు, తమ సెలవు తామే రాసుకోగలిగేవాళ్ళు. డబ్బు తక్కువ ఉన్న ఆడదానికి మామూలుగా కాలం అంతకన్నా తక్కువ. మా చుట్టుపక్కల తండాల ఆడవాళ్ళను చూడండి. వాళ్ళకు దూర ప్రయాణమంటే ముందుగా తీసుకున్న అడ్వాన్సు తీర్చడానికి, పిల్లలతో, గిన్నెలతో లారీ ఎక్కి చెరుకు నరకడానికి పోవడమే. ఎప్పుడు బయల్దేరాలో ముఠా మేస్త్రి చెబుతాడు.

ఇంకో వైపు కూడా చూశాం. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకంతో తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లోనూ స్త్రీశక్తి పేరుతో వచ్చింది. బస్సులు కిక్కిరిసిపోయాయి. ఆడవాళ్ళు ఊరికే తిరుగుతున్నారని ఎంతమంది ఎకసెక్కాలాడారు! అన్నాళ్ళూ వాళ్ళకు తిరగాలని లేక కాదు, చార్జీలకు చేయి చాచాల్సి వచ్చేది కాబట్టి తిరగలేదు. ఆ చవక రాత్రి పన్నెండింటికి అయిపోయేది కాదు. ఏ రోజు వీలైతే ఆ రోజు ఎక్కొచ్చు. అందుకే అది మన దాకా చేరింది. ఆడవాళ్ళకు పనికొచ్చే చవకకు, పనికిరాని చవకకు తేడా అదే.

మరి మనం ఏం చేయాలి?

ఓడ మానుకోమని నేను చెప్పడం లేదు. కళ్ళు తెరిచి కొనమంటున్నాను.

'ఇంకా రెండే గదులు', 'ఈ రాత్రికే' అన్న మాటలు చూసి కంగారు పడొద్దు. ఇలా లేని తొందర పుట్టించడాన్ని 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుడు వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా చేర్చింది. మొదట ఒక ధర చూపి, చివర్లో ఒక్కో రుసుమూ కలుపుతూ పోవడం కూడా ఆ జాబితాలోనే ఉంది. ముందుగా 'అన్నీ కలిపి ఎంత?' అని అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

కబురులో వచ్చిన లింకు నొక్కి డబ్బు కట్టకండి. ఓడ కంపెనీకి మీరే ఫోను చేసి, ఆ తారీఖున ఆ ఓడ నిజంగా ఉందా అని అడగండి. మోసపోయామని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పండి.

ప్రయాణం రద్దయితే డబ్బు వాపసా, లేక ఇంకోసారి తీసుకెళ్తామనే కాగితమా? కట్టే ముందే తేల్చుకోండి. కాగితమైతే దాని గడువెంత? మొత్తం ముందే కడితే ఇంకో వెయ్యి తగ్గిస్తామంటే, ఆ వెయ్యి కోసం ఆశపడకండి. ఆ పని నేను చేశాను.

తగాదా వస్తే 1915 జాతీయ వినియోగదారుల నంబరు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. ఏజెంటు ఏ ఊరివాడైనా సరే, మీరు ఆ ఊరికి తిరగక్కర్లేదు. అయిదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము కూడా లేదు. కానీ రెండేళ్ళలోపు వేయాలి. నాలా రేపు, ఎల్లుండి అనుకుంటే గడువు జారిపోతుంది.

ముఖ్యంగా, ధర వెంట మీరు పరుగెత్తకండి. ముందు మీకు వీలైన రోజులు ఎంచుకోండి, ఆ రోజుల్లో గిరాకీ తక్కువ ఉన్నవి చూడండి. పండుగలు, పెద్ద సెలవులు, వారాంతాలు తప్పిస్తే రెండు మూడు నెలల ముందు కొన్నా మంచి ధరే దొరుకుతుంది. అప్పుడు రైలు కూడా మామూలు ధరకే వస్తుంది. ఓడ వద్దనుకుంటే మన పర్యాటక శాఖ లాంచీ ఉంది. కృష్ణలో నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం దాకా నల్లమల కొండల నడుమ తీసుకెళ్తుంది. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ మాత్రం ఊరికే ఎక్కించుకుంటానన్నా ఎక్కొద్దు.

ఆ రోజు రాత్రి పన్నెండు దాటింది. మేం గది కొనలేదు. తమాషా ఏమిటంటే రెండు రోజుల తరువాత అదే కబురు మళ్ళీ వచ్చింది. అదే ఓడ, అదే శుక్రవారం, 'ఇంకా రెండే గదులు'!

మేం మాత్రం ఒక పని చేశాం. క్యాలెండరు గోడ మీంచి తీసి కింద పెట్టుకున్నాం. సంక్రాంతి అయిపోయాక, పరీక్షల తొందర మొదలయ్యే లోపు, ఫిబ్రవరిలో మంగళ, బుధ, గురువారాలు. సముద్రం నెమ్మదిగా ఉండే కాలం. సెలవుకు, ఇంట్లో చెప్పడానికి, జాకెట్లు కుట్టి ఇవ్వడానికి, కొట్టు ఉద్దెర పుస్తకం ఇంటాయనకు నేర్పడానికి కావలసినంత వ్యవధి. ఆరుగురం, మూడు గదులు. నర్సమ్మ నాతో పాటు ఉంటుంది, ఆమెకు రెట్టింపు కట్టే పని లేదు. ఆ వారం ఓడ ఉంటే ఓడ, లేకపోతే రైలెక్కి విశాఖ తీరం. సగం ధర కాకపోవచ్చు. కానీ ఆ తారీఖు మాది.

"టీచరమ్మా, అత్తమ్మ రసీదు గుడ తెచ్చుకో" అంది కుట్టు అక్క పోతూ పోతూ. ఎందుకని నేను అడగలేదు. సంచిలో పెట్టుకున్నాను.